కొండ నీడలో పరిశోధనాలయం

నాగర్‌కర్నూలు జిల్లాలోని లింగాల నల్లమల అడవి అంచున ఉన్న ఊరు. ఆ ప్రాంతపు వారికి ఉమామహేశ్వరం తెలియని చోటు కాదు. అచ్చంపేట సమీపమున, రంగాపూరు గ్రామం దగ్గర, నిటారుగా లేచిన కొండచరియను ఆనుకొని ఆ గుడి ఉన్నది. కొండను చదును చేసి గుడి కట్టలేదు. కొండ ఇచ్చిన చోటున గుడి ఒదిగినది. పైనున్న రాయి నీడ ఇస్తున్నది. రాతి నుండి ఊరే నీరే అక్కడ తీర్థము. మైదానమంతా ఎండకు మండే వేళ కూడా ఆ చరియ క్రింద చల్లగా ఉంటుంది. కట్టడానికి కొండ అడ్డు కాలేదు, సాయపడినది.

తెలంగాణలోనే మరొక రంగాపూరు ఉన్నది. అది రంగారెడ్డి జిల్లాలోనిది. ప్రక్క గ్రామమైన జాపాలతో కలిపి దానిని జాపాల్-రంగాపూర్ అంటారు. హైదరాబాదుకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున, నాగార్జునసాగరు పోయే దిక్కున ఉన్న ఆ గుట్ట మీద కనిపించేది గుడి గోపురం కాదు; ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి వేధశాల గుమ్మటం. వేధశాల అనగా ఆకాశంలోని గ్రహ నక్షత్రాలను పరిశీలించే పరిశోధనాలయం.

విజ్ఞాన పరిశోధనకు రోడ్లు కావలెను, కరెంటు కావలెను, గ్రంథాలయాలు, పనిముట్లు కావలెను. ఇవన్నియు నగరంలో సులభంగా దొరుకుతవి. అట్లయినను కొన్ని పరిశోధనాలయాలు నగరం విడిచి కొండల నడుమకు ఎందుకు పోతున్నవి? పోయిన తరువాత ఆ కట్టడం ఎట్లుండవలెను? ఈ రెండు ప్రశ్నలకును సమాధానం ఒకటే చోట దొరుకుతుంది. ఇటువంటి పరిశోధనాలయానికి చుట్టునున్న నేల, గాలి, చీకటి కూడా పనిముట్లే. దూరదర్శిని ఎంత అవసరమో అవియు అంత అవసరము.

నగరం తరిమిన దూరదర్శిని

హైదరాబాదులో ఆధునిక ఖగోళ పరిశోధన 1901లో మొదలయినది. నవాబు జఫర్ జంగ్ అను ప్రభువు ఇంగ్లండు నుండి 15 అంగుళాల దూరదర్శినిని తెప్పించి, నగరంలోని ఫిసల్‌బండలో ఒక వేధశాలను నెలకొల్పినాడు. 1907లో ఆయన మరణించిన తరువాత నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించి బేగంపేటకు మార్చినది. అదే నిజామియా వేధశాల. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలోనికి వచ్చినది.

ఆనాడు ప్రపంచంలోని పలు వేధశాలలు కలిసి ఆకాశాన్ని పంచుకొని, నక్షత్రాలకు ఫోటోలు తీసి, వాటి స్థానాలను కొలిచి పట్టికలు తయారుచేస్తున్నవి. ఆ పంపకంలో దక్షిణాకాశమున 17 డిగ్రీల నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీ నిజామియా వేధశాలకు వచ్చినది. లక్షల కొలది నక్షత్రాల స్థానాలను అక్కడివారు ఓపికతో కొలిచినారు. అందుకు బేగంపేట ఆకాశం చాలినంత నల్లగా ఉండెను.

కాని నగరం నిలిచి ఉండదు. బేగంపేట చుట్టును ఇండ్లు లేచినవి, వీధి దీపాలు వచ్చినవి, విమానాశ్రయం వచ్చినది. దీపం నేల మీద ఉండగా నక్షత్రానికి దానితో ఏమి పని అని అడుగవచ్చును. దీపపు కాంతిలో కొంత భాగం పైకి పోతుంది. గాలిలోని అణువులు, దుమ్ము, పొగ ఆ కాంతిని నాలుగు దిక్కులకు చెదరగొడతవి. అందులో కొంత తిరిగి క్రిందికి వచ్చును. అందువలన ఆకాశమంతా సన్నని తెల్లని తెర కప్పినట్లగును. తెల్ల గోడ మీద సుద్దముక్కతో వ్రాసిన అక్షరం కనిపించనట్లే, ఆ వెలుగు మీద మసక నక్షత్రం కనిపించదు. అక్షరం చెరిగిపోలేదు, నల్లబల్ల పోయినది.

కనుక 48 అంగుళాల కొత్త దూరదర్శినికి కొత్త చోటు వెతుకవలసి వచ్చినది. జాపాల్-రంగాపూర్ గుట్ట అట్లు ఎంపికయినది. 1968లో అక్కడ ఆ దూరదర్శిని పని ప్రారంభించినది. దాని శక్తిని విద్యార్థులు సులభంగా లెక్క కట్టవచ్చును. దూరదర్శిని ఎంత కాంతిని కూడగట్టునన్నది దాని ముఖ వైశాల్యాన్ని బట్టి ఉండును. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి ఉండును. 48ని 15తో భాగించిన 3.2 వచ్చును, దాని వర్గము 10.24. అనగా బేగంపేట దూరదర్శిని కంటె రంగాపూరు దూరదర్శిని పది రెట్ల కాంతిని పట్టుకొనును. కాని ఆకాశం తెల్లబడినచో ఆ పది రెట్లలో నక్షత్రపు కాంతితో పాటు దీపాల కాంతి కూడ పది రెట్లు చేరును. పెద్ద గిన్నె పట్టినంత మాత్రాన నీళ్ళు కలిసిన పాలు చిక్కబడవు గదా!

గుమ్మటం గుండ్రముగా ఏల?

ఇరువదవ శతాబ్దపు వాస్తుశిల్పులలో పలువురు ఒక సూత్రాన్ని నమ్మినారు: కట్టడం రూపం దాని పని నుండి పుట్టవలెను, అతికించిన అలంకారం నుండి కాదు. ఆధునిక వాస్తువునకు ఈ సూత్రం పునాది వంటిది. వేధశాల దీనికి చక్కని ఉదాహరణము. దాని ప్రతి భాగమునకు ఒక కారణం ఉండును.

మొదటిది గుమ్మటం. దూరదర్శిని ఆకాశంలో ఏ దిక్కుకైనను తిరుగవలెను. ఒక కేంద్రం చుట్టు అన్ని దిక్కులకు తిరిగే వస్తువుకు అన్ని వైపుల సమానమైన చోటిచ్చే కప్పు అర్ధగోళమే. చదరపు కప్పు వేసినచో మూలలు వ్యర్థమగును. గుమ్మటంలో శిఖరం నుండి క్రింది అంచు వరకు ఒక చీలిక ఉండును. రాత్రి దాని తలుపులు తెరుస్తారు. గుమ్మటం అడుగున చక్రాలు, వలయాకారపు పట్టా ఉండును. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుచున్నందున నక్షత్రాలు తూర్పు నుండి పడమరకు సాగిపోతున్నట్లు కనిపించును. చంద్రబింబం వెడల్పు సుమారు అర డిగ్రీ. అంత దూరాన్ని నక్షత్రం రెండు నిమిషాలలో దాటిపోవును. కనుక దూరదర్శిని భూమికి ఎదురుగా మెల్లగా తిరుగుచుండవలెను. దానితోపాటు గుమ్మటపు చీలిక కూడ తిరుగవలెను.

రెండవది స్తంభం. దూరదర్శినిని గది నేల మీద నిలుపరు. భూమిలోని గట్టి రాతి వరకు దిగిన ప్రత్యేక స్తంభం మీద నిలుపుతారు. ఆ స్తంభానికి, చుట్టునున్న గది నేలకు నడుమ సన్నని సందు విడుస్తారు. మనిషి నడిచినను, గుమ్మటం తిరిగినను పుట్టే అదురు గోడలలోనే ఆగిపోవును, దూరదర్శినికి చేరదు. అనగా అది కట్టడంలో ఉన్నట్లు కనిపించును గాని, నిజానికి కొండ మీదనే నిలిచి ఉన్నది. దక్కను పీఠభూమి గట్టి రాతి నేల ఇందుకు ఎంతో అనుకూలము.

మూడవది వేడి. కాగుచున్న పెనం మీదుగా అవతలి గోడను చూచినచో గోడ వణుకుతున్నట్లుండును. వేడి గాలి, చల్లని గాలి కలియుచున్న చోట కాంతి కిరణాలు వంకర తిరుగుటయే అందుకు కారణము. పగలంతా ఎండను మ్రింగిన గోడ రాత్రి ఆ వేడిని వెలిగ్రక్కినచో, దూరదర్శిని ముందున్న గాలి కూడ అట్లే వణకును. నక్షత్రం చుక్కగా గాక చెదిరిన మరకగా పడును. అందుకే గుమ్మటాన్ని దళసరిగా కట్టరు. ఎండను త్రిప్పికొట్టే తెలుపు రంగో వెండి రంగో వేస్తారు. సాయంకాలమే తలుపులు తెరచి లోపలి గాలిని వెలుపలి గాలితో సమానపరుస్తారు. పని చేసే శాస్త్రజ్ఞుడు చలికాలమందు కూడ ఆ చల్లగాలిలోనే కూర్చొని పరిశీలించుట చిరకాలంగా ఉన్న అలవాటు.

రంగాపూరు పేరు దేశ విదేశాలలో వినిపించిన రోజు 1980 ఫిబ్రవరి 16. ఆనాటి సంపూర్ణ సూర్యగ్రహణంలో చంద్రుని నీడ కర్ణాటక నుండి ఒరిస్సా వరకు దక్కను మీదుగా సాగినది; రంగాపూరు ఆ దారిలో పడినది. మన దేశపు శాస్త్రజ్ఞులే గాక విదేశీయులు కూడ తమ పనిముట్లతో ఆ గుట్టకు వచ్చినారు. నీడ వచ్చే దారిని ఎవరును మార్చలేరు. కాని నీడ వచ్చిన చోట ఒక వేధశాల సిద్ధంగా ఉండుట పండ్రెండేండ్ల ముందు కట్టినవారి పుణ్యము.

గోడలు లేని పరిశోధనాలయం

రంగాపూరు కొండ ఎత్తు కోరినది. కొండల నడుమనున్న పల్లాన్ని కోరిన పరిశోధనాలయం కూడ తెలుగునాట ఉన్నది. అది తిరుపతి, చిత్తూరు నడుమనున్న గాదంకిలోనిది. అక్కడ పరిశీలించేది నక్షత్రాలను కాదు, మన తల మీది గాలిని.

గాదంకిలో 1990వ దశకం ఆరంభంలో ఒక పెద్ద రాడారు పని ప్రారంభించినది. 2005 నుండి ఆ సంస్థకు జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అని పేరు. అచ్చట ప్రధానమైన పనిముట్టు ఒక పొలం వలె కనిపించును. సుమారు 130 మీటర్ల చదరపు నేలలో 32 వరుసలు, వరుసకు 32 చొప్పున 1024 ఏంటెన్నాల స్థానాలున్నవి. వరిమళ్ళలో నారు నాటినట్లు సమానదూరంలో అవి నిలిచి ఉన్నవి. తిరిగే గుమ్మటం లేదు, పైకప్పు లేదు.

ఈ రాడారు సెకనుకు 5 కోట్ల 30 లక్షల కంపనలు గల రేడియో తరంగాలను పైకి పంపును. వాటి తరంగ దైర్ఘ్యం సుమారు 5.7 మీటర్లు. గాలిలో వేడి, తేమ ఒకే తీరుగా ఉండవు. సుడులు, పొరలు ఉండును. తరంగ దైర్ఘ్యంలో సగం, అనగా మూడు మీటర్లకు కొంచెం తక్కువ కొలత గల ఒడిదుడుకులు ఈ తరంగాలలో అతి స్వల్ప భాగాన్ని వెనుకకు పంపును. ఆ ప్రతిధ్వనిని విని పైన గాలి ఏ దిక్కుకు, ఎంత వేగంతో వీచుచున్నదో తెలుసుకొందురు. ఏంటెన్నాలు కదలవు. ఒక్కొక్క దానికి తరంగాన్ని కొద్ది ఆలస్యంతో అందించుట ద్వారా మొత్తము కిరణపుంజాన్ని కోరిన దిక్కుకు వంచుదురు.

తిరిగి వచ్చే ప్రతిధ్వని ఎంత బలహీనమయినదంటే, సమీపాన ఒక మోటారు నిప్పురవ్వ చిమ్మినను దాని గోలలో అది మునిగిపోవచ్చును. ఇక్కడ చుట్టునున్న కొండలు ప్రహరీ గోడల పని చేయును. నేల వెంట వచ్చే రేడియో గోలను అవి అడ్డుకొనును; పైనున్న ఆకాశాన్ని మాత్రం తెరచి ఉంచును. ఆ ప్రహరీని ఏ మేస్త్రీయు కట్టలేదు. కట్టడపు నేర్పంతా దానిని గుర్తించి, సరియైన చోటును ఎన్నుకొనుటలోనే ఉన్నది.

కొండ రంగు కాంక్రీటు

ఇట్లే గాలిని పరిశోధించుటకై కొండ ఒడిలో కట్టిన భవనాలలో ప్రపంచ ప్రసిద్ధి పొందినది అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున, బౌల్డరు పట్టణం దగ్గర ఉన్నది. జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రము 1960లో ఏర్పడినది. దాని మొదటి సంచాలకుడు వాల్టర్ ఆర్ రాబర్ట్స్ అను సూర్యశాస్త్రజ్ఞుడు. భవనాన్ని రూపొందించినవాడు ఐ. ఎం. పేయి (1917–2019). ఆయన చైనాలో పుట్టి అమెరికాలో వాస్తువిద్య నేర్చినవాడు. పారిస్‌లోని లూవ్రు మ్యూజియం ముందర గాజు పిరమిడు కట్టి తరువాత మరింత పేరు పొందినాడు. భవనం 1967లో ప్రారంభమయినది.

చోటు అందమయినదే గాని వాస్తుశిల్పికి కష్టమయినది. ఒక చదునైన మెట్ట; దాని వెనుక ఎర్రని రాతి పలకలు నిలువుగా లేచి, వాటి వెనుక రాకీ పర్వతాలు. అంత పెద్ద పర్వతం ముందర ఎంత పెద్ద భవనమైనను అగ్గిపెట్టె వలె కనిపించును. పేయి దారి వెతుకుచు అదే రాష్ట్రంలోని మెసా వెర్డె అను చోటుకు పోయినాడు. అక్కడ ఏడెనిమిది వందల ఏండ్ల క్రిందట ఆదివాసులు కొండచరియల క్రింది గుహలలో, ఆ కొండ రాయితోనే ఇండ్లు కట్టుకొన్నారు. కొండ ఎక్కడ ముగిసినదో, గోడ ఎక్కడ మొదలయినదో దూరం నుండి చూచువారికి తేలికగా తెలియదు. చిన్ననాట తల్లితో కలిసి చైనా కొండలలోని బౌద్ధ విహారాలలో గడిపిన రోజులు కూడ ఆయనకు గుర్తుకు వచ్చినవి.

అక్కడ ఆయన నేర్చిన పాఠం రెండు విధాలుగా భవనంలో కనిపించును. ఒకటి రూపము. సాధారణ భవనంలో కిటికీల వరుసలను లెక్కించి ఎన్ని అంతస్తులో చెప్పవచ్చును. దానితో భవనం పర్వతం ముందు చిన్నదయిపోవును. పేయి ఆ వరుసలను తీసివేసినాడు. పొడవైన నిలువు గోడలు, వాటి నడుమ లోతైన సన్నని కిటికీలు పెట్టినాడు. బురుజుల వంటి గోపురాలు గుంపుగా నిలిచి, రాళ్ళ గుట్ట వలె కనిపించును.

రెండవది రంగు. కాంక్రీటు అనగా సిమెంటు, ఇసుక, కంకర, నీరు. సాధారణంగా పైకి కనిపించేది సిమెంటు బూడిద రంగే. ఇక్కడ సమీపపు గనులలోని ఎరుపు రాతిని పిండి చేసి, కంకరగా కాంక్రీటులో కలిపినారు. అది గట్టిపడిన తరువాత పండ్ల సుత్తులతో గోడ ముఖాన్ని కొట్టి, పైనున్న సిమెంటు పొరను ఊడగొట్టినారు. లోపలి ఎర్రరాయి బయటపడినది. రంగు పూయలేదు, పలకలు అతికించలేదు. అయినను భవనం వెనుకనున్న కొండతో రంగు కలిసినది. పూసిన రంగు వెలిసిపోవచ్చును; రాతి రంగుకు ఆ భయం లేదు.

లోపలి అమరిక రాబర్ట్స్ కోరికను బట్టి వచ్చినది. వాతావరణ పరిశోధనలో భౌతికశాస్త్రజ్ఞుడు, రసాయనశాస్త్రజ్ఞుడు, గణితజ్ఞుడు కలిసి ఆలోచించవలెను. ఒక పొడవైన నడవలో వరుసగా గదులు కట్టినచో ఎవరి తలుపు వారు మూసికొందురు. అందుచేత దారులు మలుపులు తిరుగునట్లు, ఒక గోపురం నుండి మరొక దానికి పోవువారు దారిలో ఒకరినొకరు తారసపడునట్లు ఏర్పాటు చేసినారు. ఒంటరిగా కూర్చొని ఆలోచించుటకు గోపురాల పైన చిన్న గదులు కూడ ఉన్నవి. కొత్తవారు దారి తప్పుట అక్కడ మామూలే! భవనానికి పోయే రోడ్డును కూడ మెట్టను చీల్చి తిన్నగా వేయలేదు. నేల వాలును అనుసరించి వంపుగా వేసినారు.

రంగాపూరు గుమ్మటం పలుచన, ఈ గోడలు దళసరి. అది తెల్లన, ఇది ఎరుపు. రూపాలు వేరయినను సూత్రం ఒక్కటే. పని ఏమి కోరుచున్నది, చోటు ఏమి ఇచ్చుచున్నది అన్న రెండు ప్రశ్నలు అడిగి కట్టినవే రెండును.

చివరి గోడ ఎవరిది?

బౌల్డరు కథలో వాస్తుశిల్పికి సంబంధం లేని ఘట్టం ఒకటి ఉన్నది. 1959లో ఆ పట్టణ ప్రజలు ఓటు వేసి ఒక కట్టుబాటు చేసుకొన్నారు. కొండ వాలున 5,750 అడుగుల ఎత్తు గీతకు పైన కట్టే ఇండ్లకు పట్టణం నీరు ఇవ్వరాదు. నీరు లేనిదే ఇండ్లు లేవవు, కొండ మిగులును. పరిశోధన కేంద్రానికి ఎన్నుకొన్న మెట్ట ఆ గీతకు పైన ఉన్నది! 1961 జనవరిలో ప్రజలు మరల ఓటు వేసి, ఈ ఒక్క కట్టడానికి మినహాయింపు ఇచ్చినారు. కొండను కాపాడుదురన్న నమ్మకంతో ఇచ్చిన అనుమతి అది. ఆ నమ్మకమే భవనం రంగును, రూపాన్ని, రోడ్డు వంపును కూడ నిర్ణయించినదని చెప్పవచ్చును.

రంగాపూరుకు అటువంటి గీత లేకపోయినది. హైదరాబాదు ఆ దిక్కుకు పెరుగుచు వచ్చినది. బేగంపేటలో జరిగినదే అక్కడను జరిగినది. నగరపు వెలుగు గుట్ట పైని ఆకాశాన్ని కూడ తెల్లబరచినది. గుమ్మటం ఉన్నది, రాతిలో దిగిన స్తంభం ఉన్నది; వాటిని ఏ చోటుకై కట్టినారో ఆ చోటులోని చీకటి తగ్గినది. పనిముట్టు చెడినచో బాగుచేయవచ్చును. ఊరూర వెలిగిన దీపాలను ఏ మెకానిక్కు బాగుచేయును?

దీపాలు మానివేయుట దీనికి విరుగుడు కాదు. పల్లెలకు వెలుగు కావలెను. కావలసినది వెలుగు నేల మీద పడుట, ఆకాశంలోకి పోకుండుట. లడాఖ్‌లో 4,500 మీటర్ల ఎత్తున హాన్లేలో భారత ఖగోళ వేధశాల ఉన్నది. 2022లో దాని చుట్టునున్న ప్రాంతాన్ని చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించినారు. అక్కడి గ్రామస్థులు దీపాలకు పైమూతలు వేసి, రాత్రివేళ కిటికీలకు తెరలు దించి వేధశాలకు తోడ్పడుచున్నారు. పై మూత ఉన్న దీపం తక్కువ కరెంటుతోనే బాటను బాగా వెలిగించును. పైకి పోయే కాంతి ఎవరికిని ఉపయోగపడని కాంతియే గదా.

ఆకాశపు నల్లదనాన్ని కొలుచుటకు పెద్ద పనిముట్టు అవసరం లేదు. శీతకాలమున, అమావాస్య నాటి రాత్రి, కృత్తికలు నడినెత్తికి వచ్చిన వేళ ఉపాధ్యాయుడు విద్యార్థులను ఆరుబయట పది నిమిషాలు చీకటిలో నిలిపి, ఆ గుంపులో ఎన్ని చుక్కలు కనిపించునో ఎవరికి వారిని వ్రాసుకొమ్మనవచ్చును. మంచి చీకటిలో ఆరు చుక్కలు సాధారణంగా లెక్కకు వచ్చును. చురుకైన కన్నులకు అంతకంటె ఎక్కువ కనిపించును. నగరంలో ఒక మసక మరక మాత్రమే మిగులవచ్చును. లింగాల బడిలోను, అచ్చంపేట బడిలోను, హైదరాబాదు బడిలోను అదే రాత్రి ఈ లెక్క తీసి పోల్చినచో, అంకెలే కథ చెప్పును. ప్రతి సంవత్సరం అదే మాసంలో అదే చోట లెక్కించి పుస్తకంలో వ్రాసి ఉంచినచో, పదేండ్లకు ఆ బడి దగ్గర ఒక నిజమైన శాస్త్రీయ పట్టిక ఉండును.

ఉమామహేశ్వరం గుడి కట్టినవారు చరియను చెక్కి పడవేసి ఉన్నచో గుడికి నీడ ఉండేది కాదు. పరిశోధనాలయానికి కూడ అటువంటి చరియ ఒకటి ఉన్నది. కొన్ని చోట్ల అది కొండ, కొన్ని చోట్ల నిశ్శబ్దం, కొన్ని చోట్ల చీకటి. లోపలి గోడలను శాస్త్రజ్ఞులు, మేస్త్రీలు కలిసి కట్టుదురు. వెలుపలి ఆ గోడను మాత్రం చుట్టునున్న ఊళ్ళవారే నిలుపవలెను.